బావ ఎక్స్‌రేలోంచి సూర్యగ్రహణం

ఆ ఏడు సూర్యగ్రహణం ఊరందరికీ కాసేపట్లో విడిచింది. మా ఇంట్లో మాత్రం హైదరాబాద్ వెళ్ళి వచ్చేదాకా విడవలేదు. దానికి కారణం రాహువు కాదు, నేను. ఆ ఘనకార్యం వినిపిస్తాను. విన్నాక మీరూ తిట్టుకోవచ్చు. కాకపోతే మా అక్క చాలావరకు తిట్టేసింది కాబట్టి మీకు పెద్దగా మిగలకపోవచ్చు.

అప్పట్లో కాజీపేట రైల్వే క్వార్టర్లలో అక్కాబావల దగ్గర ఉండి వరంగల్‌లో బీఎస్సీ చదివేవాణ్ణి. బావ లోకోషెడ్డులో ఫిట్టర్. ఆయన మెడ మీద గడ్డలు లేచాయి. అది లింఫోమా అని, అంటే లింఫు గ్రంథులకు పట్టే క్యాన్సర్ అని హైదరాబాద్ దవాఖానాలో తేల్చారు. జబ్బు ఎందాకా పాకిందో చూడటానికి పాదాల్లోకి నీలం మందు పొడిచి, తర్వాత ఏదో నూనెలాంటి మందు ఎక్కించి కడుపు ఎక్స్‌రే తీశారు. అందులో వెన్నుపూసకు రెండు పక్కలా గ్రంథులు పూసల్లా కనిపించాయి. బావ పాదాలు మాత్రం నీలంగా మారాయి.

"కాళ్ళు కృష్ణునియి, మొఖం లోకోషెడ్డుది," అని ఆయనే నవ్వేవాడు.

డాక్టరమ్మ నాకు స్పష్టంగానే చెప్పింది: "ఈ మందు గ్రంథుల్లో నెలల తరబడి ఉంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు మామూలు ఎక్స్‌రే తీసి దీనితో పోల్చి చూస్తాం. పూసలు చిన్నవైతే ఇదే చికిత్స. లేకపోతే ఇంకా గట్టి మందు ఇవ్వాలి. ఈ ఫిలిం జాగ్రత్త."

నేను గంభీరంగా తల ఊపాను. ఆ ఊపుకే చెవిలో పడ్డ మాటలు కింద రాలిపోయి ఉంటాయి. మళ్ళీ కొత్తది తీస్తారన్న సంగతొక్కటే లోపల మిగిలింది.

ఇంతలో గ్రహణం వచ్చింది. వీధిలో తలుపులన్నీ మూతపడ్డాయి. సైన్సు చదివే నాకు పౌరుషం పొంగింది. వీధి నడుమ నిలబడి, ఎక్స్‌రే ఫిలింలోంచి చూస్తే కళ్ళకేం కాదని ఉపన్యాసం ఇచ్చాను. (అది కూడా తప్పేనని ఇప్పుడు కంటి డాక్టర్లు చెబుతున్నారు. ఆ రోజు నేను ఏ ఒక్క తప్పునీ వదిలిపెట్టలేదు.)

"ఫిలిం ఏడున్నది మల్ల?" అని పక్కింటి రాజవ్వ తలుపు సందులోంచి అడిగింది.

కొత్తది తీస్తారు కదా, పాతదెందుకు? నిన్నటి పేపరు ఎవరు దాచుకుంటారు? అక్క బట్టలు కుట్టే కత్తెర తెచ్చి, బావ కడుపును అరుగు మీదే ముక్కలు చేశాను. తలుపులన్నీ తెరుచుకున్నాయి. బావ కూడా వచ్చి, నా భుజం మీదుగా తొంగి చూసి లోపలికి పోయాడు.

"జర నాకొకటియ్యి బిడ్డా," అంది రాజవ్వ.

రిటైరైన గార్డు సులేమాన్ చాచా తన ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "అరే, తుంటి బొక్క అడ్డమొస్తాంది. సూర్యుడు కనబడ్తలేడు."

"తుంటి నాకియ్యి. నీకు పక్కబొక్కలిస్త," అని రాజవ్వ బేరం పెట్టింది.

ఎముకలు చేతులు మారాయి. వీధి వీధంతా మా బావ లోపలి నుంచి ఆకాశం చూసింది.

హైదరాబాద్ ప్రయాణం ముందు రోజు అక్క అడిగింది: "పాత ఫిలిం బ్యాగుల పెట్టినవారా?"

"అదెందుకక్కా?"

"ఎందుకేందిరా? అది లేకుంటె బావకు ఏ మందియ్యాల్నో డాక్టరమ్మకు ఎట్ల తెలుస్తది?"

అప్పుడు పట్టింది నాకు అసలు గ్రహణం. ఉన్న మందుకే బావ జుట్టంతా ఊడింది, తిన్నది కడుపులో ఆగడం లేదు. నా కత్తెర పుణ్యాన అక్కర్లేని గట్టి మందు ఎక్కిస్తే?

ఇంటింటికీ పరుగెత్తాను. చాచా తన ముక్కను పగిలిన రేడియోకు అతికించుకున్నాడు. రాజవ్వ కోళ్ళగూటి కంతకు మేకులు కొట్టి బిగించింది.

"ఇచ్చింది మల్ల అడుగుతార్రా?"

"అది మా బావ తుంటి అవ్వా."

"గప్పుడు నీ తుంటే అన్నట్టు పంచినవ్ గదా."

కోళ్ళతో పోట్లాడి మరీ తెచ్చుకున్నాను. అన్నీ టేపుతో అతికించాక చూస్తే, వెన్నుపూస దగ్గర, సరిగ్గా ఆ పూసలుండే చోట, అరచేతంత ఖాళీ. ఆ ముక్క వీధిలో ఎవరి దగ్గరా లేదు.

డాక్టరమ్మ దాన్ని లైటు పెట్టె మీద ఉంచి చాలాసేపు చూసింది.

"ఎలుకలు కొట్టాయా?"

"లేదండీ. గ్రహణం."

జరిగిందంతా చెప్పేశాను. అక్క గోడవైపు తిరిగి నిలబడింది.

"ఎముకలన్నీ తెచ్చావు బాబూ, జబ్బునొక్కదాన్నే ఇంటి దగ్గర వదిలేశావు. కొత్త ఎక్స్‌రేను దేనితో పోల్చమంటావు?"

అప్పుడు బావ చొక్కా జేబులోంచి రైల్వే పాసు కవరు తీశాడు. అందులోంచి ఒక నల్లని ముక్క తీసి, "ఇగో మేడం," అన్నాడు.

సరిగ్గా అతికింది. పాత పూసలు ఉసిరికాయలంత ఉన్నాయి, కొత్త ఎక్స్‌రేలో శనగలంత. "ఇదే మందు చాలు," అని డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

బయటికి రాగానే బావను పట్టుకున్నాను. "ఎప్పుడు తీసుకున్నవ్ బావా?"

"నువ్వు అందరికి పంచుతాంటె. బొక్కలు ఎవరన్న తీస్కోని, గడ్డలు మాత్రం నాయి. వాటిల్లకెల్లి నేను గూడ సూర్యుణ్ణి చూసిన. మంచిగ కనబడ్డడు."

"మరి నేను కోళ్ళగూట్ల తలకాయ పెట్టినప్పుడన్న చెప్పాలె గదా?"

"చెప్తె పెడ్తవా?"

ఇప్పుడు అదే జబ్బుకు పెట్ స్కాన్ తీస్తున్నారు. జబ్బున్న చోట దీపం వెలిగినట్టు కనిపిస్తుందట. ఇప్పటికీ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టే చూస్తారట. కనుక సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరి కడుపునూ వీధికి పంచను. గ్రహణం పడితే తలుపేసుకుని లోపలే కూర్చుంటాను. కత్తెర జోలికి అసలే పోను. పోదామన్నా అది ఎక్కడుందో నాకు తెలియదు. అడిగితే అక్క చెప్పదు.