కాటాని దిద్దిన మనిషి

నా గుండె నెత్తురు సరిగా తోడలేకపోతోందని డాక్టరు చెప్తే, నేను కాటాని అనుమానించాను. గుండె బలహీనమని తేలింది గానీ, బుర్ర సంగతి ఎవరూ పరీక్ష చెయ్యలేదు.

పోర్టులో ముప్పై ఏళ్లు బొగ్గు లారీలు తూచాను. తూకం తేడాగా వస్తే లారీ కన్నా ముందు కాటాని చూడాలి. మా డ్యూటీలో మొదటి పాఠం అదే. అందుకే డాక్టరు "రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోండి, ఉన్నట్టుండి పెరిగితే వెంటనే రండి" అన్నప్పుడు, పని తెలిసినవాడిలా తలూపాను.

ఇంట్లో ముల్లు కాటా ఎక్కితే మొదటిరోజు అరవై ఎనిమిది కిలోలు. నాలుగోరోజు అరవై తొమ్మిదిన్నర. తిండి తగ్గినవాడు బరువెలా పెరుగుతాడు? స్ప్రింగు వదులైందనుకుని, కాటా వెనక ఉన్న చిన్న చక్రం తిప్పి ముల్లుని మళ్లీ అరవై ఎనిమిదికి తెచ్చాను. ఇక రోజూ అదే పని.

ఆ రోజుల్లోనే మా ఆవిడ అన్నయ్య హార్బరు నుంచి ఎండుచేపలు తెచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలో పని ఆయనకి.

"ఏటి బావా, రోజూ తూకమేత్తన్నావంట! నువ్వేటి బొగ్గు లారీవా? తిను, ఏటవదు."

తిన్నాను. డాక్టరు ఉప్పు వద్దన్న సంగతి నాలుక్కి ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండా చెప్పుల్లో పాదాలు పట్టలేదు. ఓ మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చగానే ఊపిరి ఆగినట్టయింది. లేచి కూర్చుంటే కాస్త అందుతోంది, వాలితే పోతోంది. పొడి మంచం మీద మునిగిపోతున్నాను. మా ఆవిడ నా వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు మిషను తగిలించి, అంకె చూసి, పైకి చదవకుండానే ఆటో పిలిచింది. ఆసుపత్రి చేరేదాకా నేను ఆమె చెయ్యి వదిలితే ఒట్టు.

"బరువు చూసుకుంటున్నారా?" అన్నాడు డాక్టరు.

"గ్రాము పెరగలేదండి."

"ఎలాగ పెరుగుతాదండీ! ఈయన రోజూ కాటాని ఎనక్కి తిప్పేత్తన్నారు," అంది మా ఆవిడ ఏడుస్తూనే.

పెరిగింది కండ కాదట, ఒంట్లో నిలిచిన నీరట. వింటూనే నీరుగారిపోయాను. అసలు నీరు మాత్రం ఇంజెక్షన్లతో మూడు రోజులకి దిగింది.

ఇప్పుడు అంకెల కాటా కొన్నాం. దాని మీద నిలబడి కళ్లు మూసుకుంటాను. మా ఆవిడ చదువుతుంది. ఆమె అంకె చెప్పాకే కళ్లు తెరుస్తాను.

మొన్న ఆదివారం ఆ ఎండుచేపల బావ వచ్చాడు. భోజనానికి కూర్చోబెట్టాను. వంజరం చేప పులుసు కలిపి మొదటి ముద్దకే ఆగాడు.

"సెల్లీ, ఉప్పు మర్సిపోనావేటే?"

"మర్సిపోలేదు బావా. నాను మానేసినాను కదా, ఇంట్లో ఇప్పుడందరికీ ఒకటే వొంట," అన్నాను.

చెల్లెలు ఎదురుగా నిలబడి చూస్తోంది. కంచం తోసెయ్యలేక గుటుక్కున మింగాడు.

"బావకి ఇంకో రెండు ముక్కలెయ్యి," అన్నాను.