పదకొండు ఖాళీ తూటాలు

కాలిన మందు వాసన, దాని వెనకే ఇత్తడి వాసన. జెబెల్ అలీలోని మా ఆఫీసులో ఏసీ చలికి ముడుచుకుని కాగితాలు చూస్తుంటే, ఏటా వేటకని పై దేశాలకు వెళ్ళే మా ముదీర్, అదే మా అరబ్బు మేనేజరు, ఒక ఖాళీ తూటా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఈ తూటా పట్టే రైఫిల్ గురి బ్రహ్మాండం, తూటాలే అన్నిచోట్లా దొరకవట. కొననా, ఖలాస్ అని వదిలేయనా?" అని హిందీలో అడిగాడు. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మా పెద్దనాయన రైఫిలూ అలాంటిదే. అనంతపురం వైపు మా ఊళ్ళో లైసెన్సున్న వాళ్ళందరివీ పన్నెండు బోరు తుపాకులైతే, ఈయన మాత్రం చవగ్గా వచ్చిందని ఎవరూ వాడని తూటా పట్టే రైఫిల్ కొనుక్కొచ్చాడు. శెనక్కాయ ఊడలు దిగి, కాయ ఊరి, తడిమట్టి వాసనతో అడవిపందుల భయం కూడా మొదలయ్యే రోజుల్లో, మా అరుగు మీద ఉడకబెట్టిన కాయలు ఒలుచుకుంటూ పెద్దలంతా ఆ రైఫిల్ మీద పడేవాళ్ళు. "కొట్టేది ఒక్క దెబ్బ, తూటా తెచ్చేదానికి రెండు బస్సులు!" అని ఒకరంటే, "మీ గుండ్లు చెదిరి మనుషులకు తగుల్తాయి, నాది పందికే తగుల్తాది" అని పెద్దనాయన మీసం దువ్వేవాడు. చిక్కల్లా ఒకటే. పట్నంలో అంగడివాడు పాత ఖాళీలు చూపిస్తే గానీ కొత్తవి ఇచ్చేవాడు కాదు. అందుకని చేని కాపలా సుంకన్న తెల్లారగానే చాళ్ళన్నీ వెతికి, దొరికినవాటిని పంచెకు తుడిచి, గూట్లోని డబ్బాలో వేసేవాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అవి నా బొమ్మల వంటింట్లో చెంబులు, పెదవికి ఆనించి ఊదితే ఈలలు. ఒకనాడు గంట వాయించుకుంటూ పీచుమిఠాయి వాడొచ్చాడు, పాత ఇత్తడి ఇస్తే చాలన్నాడు. డబ్బాలో ఉన్న పదకొండూ ఇచ్చేశాను.

డబ్బా ఖాళీగా కనబడ్డా అడిగి చూద్దామని పట్నం పోయిన పెద్దనాయన వట్టి చేతులతో వచ్చాడు. "యాడబోయినాయిరా సుంకన్నా? డబ్బా ముట్టేది నువ్వొక్కడివే." "నాకు తెల్దు సామీ." తలుపు వెనక నేను నోరు విప్పలేదు. సుంకన్నను పనిలోంచి తీసేశారు. ఆ ఏడు పందులు సగం చేను తిన్నాయి. పనికిరాని తూటా అని ముందే చెప్పామని ఊరంతా ఎగతాళి చేసింది. తప్పు సుంకన్న మీదికీ రైఫిల్ మీదికీ పోయినందుకు నాకు హాయిగా ఉండింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

శెనక్కాయ పీకేటప్పుడు సుంకన్న ఇంటి వెనక్కి వచ్చి, పంచె కొంగు విప్పి ఒక ఖాళీ తూటా నా చేతిలో పెట్టాడు. "కూలికొస్తే మన చాళ్ళో దొరికింది పాపా. పెద్దాయనకియ్యి, పనికొస్తాది." ఇచ్చాను. ఎక్కడిదని పెద్దనాయన అడిగితే, నాకే దొరికిందన్నాను. ఆయన నా తల నిమిరాడు.

ఇప్పుడు పెద్దనాయన లేడు. రైఫిల్ పోలీస్ స్టేషన్‌కు అప్పగించేశారు, చేలన్నీ ప్లాట్లయ్యాయి. పీచుమిఠాయి గంట మా ఊళ్ళో వినబడి ఎన్నేళ్ళయిందో. సుంకన్న ఎటు పోయాడో నేనెప్పుడూ కనుక్కోలేదు, కనుక్కోవడానికి భయం.

"నచ్చితే ఉంచుకో, ఖాళీదే కదా" అన్నాడు ముదీర్.

"వద్దు సార్, జాగ్రత్తగా పెట్టుకోండి" అని ఆయన చేతిలోనే పెట్టేశాను. "పోతే ఆఫీస్ బాయ్‌ని అడుగుతారు."