అక్క, నేను, సెంట్రింగ్ చెక్క

భయపడటానికి ఆ వయసులో నాకు పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్లు నిండి, పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అద్దం ముందు నిలబడి మీసం శ్రద్ధగా కత్తిరించుకునే రోజుల్లో కూడా, వీధిలో కుక్క మొరిగితే నేను రెండో వైపుకి మారిపోయేవాణ్ణి. అలాంటి నా గుమ్మం ముందే నిలువెత్తు గొయ్యి తవ్వారు.

మేముండేది గోపాలపట్నంలో, కొండవాలు మీదికి ఎక్కే ఒక సందులో. స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడ ఇల్లు కట్టుకున్నారు. తొంభైల చివర్లో మా సందుకి సిమెంటు రోడ్డూ, పక్కనే పెద్ద కాలవా వస్తున్నాయని తెలిసి వీధంతా సంబరపడింది. "వారంలో అయిపోద్ది బాబూ, నాను సెప్తన్నాను కదా!" అన్నాడు మేస్త్రి. రెండు నెలలైనా ఆ వారం పూర్తి కాలేదు. మా ఇంటి ముందు గొయ్యి మాత్రం, పురిటికి వచ్చిన మా అక్కకి నెలలు నిండే సమయానికి సరిగ్గా తవ్వారు. అడుగున వాననీళ్లు, ఆ నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. దాటడానికి జానెడున్నర వెడల్పున్న సెంట్రింగ్ చెక్క ఒకటి. కాలు పెడితే అది మధ్యలో కిందికి వంగి, కిర్రుమనేది.

అందరూ దాని మీదే నడిచేవారు. జాలరిపేట నుంచి బస్సులో వచ్చి చేపలమ్మే ఆవిడైతే నెత్తిన గంప దించకుండా దాటేది. నేను మాత్రం పెరటి గోడ దూకి, వెనకింటి మాస్టారి జామచెట్టు కింద నుంచి ఆఫీసుకి పోయేవాణ్ణి. (మాస్టారు మొదటి రోజు దొంగనుకుని కర్ర తీశారు. మూడో రోజుకి జాలిపడి గోడవతల స్టూలు వేశారు.) ఈ సంగతి చేపలావిడ కనిపెట్టేసింది. "ఏటి బాబూ, సెక్క సూసి బయపడతన్నావా? మా ఓళ్లు పడవ అంచు మీద నడుస్తారు!" అని వీధంతటికీ వినపడేలా నవ్వింది.

నా సంగతి సరే, అక్క ఎలా దాటుతుంది? ఆ ఆలోచన వస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. చివరికి ఒక ఉపాయం తోచింది. కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టించి, అందులో అక్కకి బదులు బియ్యం మూట కూర్చోబెట్టి, మేస్త్రినీ ఒక కూలీనీ మోయమన్నాను. నేను గుమ్మంలో నిలబడి సూచనలిచ్చాను. చెక్క మధ్యకి వచ్చేసరికి కుర్చీ ఒరిగింది. మూట దభీమని నీళ్లలో పడింది. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. "అందులో ఉన్నది బియ్యం కాబట్టి సరిపోయింది నాయనా," అంది. ఆ చప్పుడు రెండు రోజులపాటు నా చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

మూడో రోజు ఉదయం నేను గోడ ఎక్కబోతుంటే లోపల్నుంచి అక్క కేక వినిపించింది. నొప్పులు మొదలయ్యాయి. నాన్న ప్లాంటులో డ్యూటీలో ఉన్నారు. పనివాళ్లు ఆ రోజు రానేలేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చి అరుస్తుంటే, వీధిలో ఉన్న చేపలావిడ గంప కింద పెట్టేసింది. "నాను పోయి ఆటో ఆపుతాను. మీరు దాటి వచ్చేయండమ్మా!" అంటూ పరుగెత్తింది.

"ఒరేయ్, నువ్వు ముందు నడు. అక్క నిన్ను పట్టుకుంటుంది," అంది అమ్మ. కాదనే వీలు లేదు. ఒక అడుగు వేశాను. రెండోది వేశాను. మూడోది పడలేదు. కింద చువ్వలు కనిపించాయి. చెక్క కిర్రుమంటూ కిందికి వంగింది. సరిగ్గా అప్పుడే అక్కకి మళ్లీ నొప్పి వచ్చి నా చొక్కా గుప్పెట్లో బిగించింది. మేమిద్దరం గొయ్యి నడిమధ్య ఆగిపోయాం. వెనక అమ్మ దేవుళ్లందరినీ పిలుస్తోంది.

నొప్పి కాస్త తగ్గాక అక్క పళ్లబిగువున అంది: "నడుస్తావా, ఇక్కడే కనమంటావా?"

"కాళ్లు రావట్లేదే అక్కా!"

"కళ్లు మూసుకో." నా భుజాల మీద రెండు చేతులూ వేసింది. "నేను చెప్పినట్టు వెయ్యి. కుడికాలు. ఊఁ... ఎడమకాలు. ఇంకొక్కటి. అయిపోయింది, కళ్లు తెరువు."

కాళ్ల కింద కంకర తగిలింది.

ఆసుపత్రిలో అక్కని లోపలికి తీసుకెళ్లాక, బల్ల మీద కూలబడ్డ నన్ను చూసి ఆయా కంగారుపడింది. "మీకేటయిందండీ?" అంటూ గ్లాసుడు పంచదార నీళ్లు తాగించింది. మధ్యాహ్నానికి మేనకోడలు పుట్టింది. సాయంత్రం నాన్న, బావగారు వచ్చారు. అక్క నీరసంగా దిండుకి ఆనుకుని, "తమ్ముడే దాటించాడు నన్ను. వాడు లేకపోతే ఏమయ్యేదో," అంది. అమ్మ నన్నోసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. బావగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. నేను సిగ్గు లేకుండా వినయంగా తల వంచుకున్నాను.

మేనకోడలు పెద్దదయ్యాక కూడా తన స్నేహితులకి నన్ను ధైర్యవంతుడైన మావయ్యగానే పరిచయం చేసింది. ఆ రోజు అక్క ఆ మాట నా పరువు నిలబెట్టడానికి అందో, లేక ముందు నడిచినవాడే దాటించాడని నిజంగానే అనుకుందో, ఇన్నేళ్లలో నేనొక్కసారి కూడా అడగలేదు. కలిసినప్పుడల్లా ప్రశ్న నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. అడిగితే ఏం చెబుతుందోనని, ఈ వయసులో కూడా, భయం.