నల్లగుడ్డ మీద అమ్మ లేసు

మొన్న మంగళవారం మా రాజోలు స్టూడియో మాస్టారు పోయారు. కబురు అమ్మే చెప్పింది. ఆ రోజు మళ్లీ లేసు సూది ముట్టుకోలేదు.

నా పదో తరగతి హాల్‌టికెట్ ఫోటో తీసింది ఆయనే. మా ఇంట్లో హాల్‌టికెట్ అవసరమైన మొదటి మనిషిని నేనే. అంత చిన్నపిల్లనైనా "కాస్త ఇటు తిరగండమ్మా" అన్నారు.

అమ్మ లేసు అల్లుతుంది. ఎన్నో ఏళ్లుగా ఏజెంటు పట్టుకెళ్లేవాడు. అల్లిందెవరో కొన్నవాళ్లకి తెలిసేది కాదు. పోయినేడాది హైదరాబాదులో ఒక దుకాణం వాళ్లు ఫోటోలు నచ్చితే అమ్మ పేరుతోనే అమ్ముతామన్నారు. ఇంకా తెల్లగా కనబడాలని అమ్మ లేసు ఉతికి రెండింతలు నీలం పెట్టింది. నేను తెల్ల దుప్పటి మీద పరిచి, ఉన్న బల్బులన్నీ తెచ్చి చుట్టూ వెలిగించాను. "నీలం రంగు వద్దు. తెల్లవి ఉంటే మరొక్కసారి పంపండి" అని జవాబొచ్చింది.

ఆ ఫోటోలు స్టూడియోకి పట్టుకెళ్తే మాస్టారు చూసి నవ్వారు.

"కెమెరాకి కూడా నీలం పెట్టేరేంటమ్మా! దుప్పటేదో లేసేదో అల్లిన మీ అమ్మగారైనా చెప్పగలరా?"

"మంచి లైట్లు కొనాలాండీ?"

"ఎందుకండీ? అట్టపెట్టె లేదా ఇంట్లో?"

రెండ్రోజులకి మా ఇంటికొచ్చి, బిస్కెట్ల పెట్టెకి రెండు పక్కలా కిటికీలు కోసి, తన పాత పంచె చింపి అతికించారు. చెరో పక్కా ఒక ఎల్‌ఈడీ బల్బు. లోపల నల్లగుడ్డ. నీలం వదిలేదాకా జాడించి ఆరబెట్టిన లేసు దాని మీద పరిచారు. నేను రెండు బల్బులూ వేస్తే ఆయన ఒకటి ఆర్పేశారు.

"అన్ని పక్కలా వెలుతురు పోస్తే దారం దాక్కుంటాదమ్మా. కాస్త నీడ ఉండనివ్వండి."

ఫోన్ కదలకుండా నా డిగ్రీ పుస్తకాల దొంతరకి ఆనించి తీశాను. ప్రతి ముడీ లేచి నిలబడింది. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో చూస్తున్న లేసే అది. ఆ రాత్రే దుకాణం వాళ్లకి పంపాను.

మర్నాడు అమ్మా నేనూ స్టూడియోలో ఉండగానే జవాబొచ్చింది. ఒప్పుకున్నారు. లేసు మీద ఏ పేరు వెయ్యాలని అడిగారు.

"చెప్పండమ్మా, మీ పేరు" అన్నారు మాస్టారు.

అమ్మ ఫోన్‌లో ఫోటోని వేలితో తడుముతోంది. వేలు తగిలిన చోటల్లా పువ్వు పెద్దదై తెరంతా నిండుతోంది.

"ఇది నా చేతిదేనా మాస్టారండీ?"

"ఆయ్. మీదేనండి."

ఆయన చేతిలో కెమెరా లేదు. అయినా ఊపిరి బిగబట్టి, అమ్మ ముఖం మీంచి చూపు తిప్పకుండా, చూపుడువేలితో గాలిని మెల్లగా నొక్కారు.