కోరుట్ల భగ్గుమన్న రోజుల్లో నర్సింగం

సకల జనుల సమ్మె నాటి పేపర్లు ఇప్పుడు తిరగేస్తే, కోరుట్ల ఇంకా భూమ్మీద ఉండటమే వింత అనిపిస్తుంది. సోమవారం భగ్గుమంది. మంగళవారం అట్టుడికింది. బుధవారం రణరంగమైంది. గురువారం దద్దరిల్లి, ఒక్క పూట ఊపిరి పీల్చుకుని మళ్లీ భగ్గుమంది. ఇన్ని యుద్ధాలు జరిగిన ఊళ్లో పొద్దు వాలితే మాత్రం మిర్చి బజ్జీల బండి ముందు నిలబడే చోటుండేది కాదు.

ఆ యుద్ధాలన్నీ నడిపింది ఒక్కడే. పేరు నర్సింగం. దగ్గర్లోని ఇబ్రహీంపట్నం వైపు కూలి చేసుకుని బతికిన ఇంట్లో పుట్టాడు. కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్ పెట్టుకుని, ఒక దినపత్రికకు విలేకరి అయ్యాడు. జీతం సంగతి అడక్కూడదు గానీ, పేపర్లో పేరు పడుతుంది, పోలీస్ స్టేషన్‌కు పోతే కుర్చీ వేస్తారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

యుద్ధం తయారు చేయడం పెద్ద పనేం కాదు. ముత్తయ్య పంచరు షాపు నుంచి ఒక పాత టైరును చౌరస్తాకు దొర్లించుకొస్తారు. కిరోసిన్ పోసి అంటిస్తారు. నర్సింగం మోకాళ్ల మీద కూర్చుని, మంట పెద్దగా, మనుషులు దాని వెనకాల వచ్చేట్టు ఫోటో తీస్తాడు. పక్కన చాయ్ తాగుతున్న ఎస్సై అందులో పడకూడదు, అదొక్కటే జాగ్రత్త. రోడ్డు మీద వంటావార్పు పెడితే, విస్తరాకులు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లు మర్నాటికి 'కదం తొక్కిన జనం' అవుతారు. నిజానికి ఆ జనం మనసారా తెలంగాణ కోరుకున్నారు. పొయ్యి పొగకు కళ్లు నలుపుకుంటూ, గొంతు పోయేదాకా జై కొట్టారు. అది ఉన్నదున్నట్టు రాసినా గొప్పగానే ఉండేది. కానీ మంట లేనిదే, పేపరాఫీసులో వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే డెస్కు వాళ్లకు వార్త కనపడదు.

ఇట్లా ఊరిని రోజూ తగలబెట్టి హాయిగా నిద్రపోయే నర్సింగానికి ఒక్కతే కూతురు, మానస. సిరిసిల్లలో ఇచ్చారు. ఆ సమ్మె రోజుల్లోనే నెలలు నిండాయి. తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి కదా. భార్య నర్సక్క ఇంటికి సున్నం వేయించింది, మెత్తటి పాత చీరలు ఉతికి మడతపెట్టింది, శొంఠి, మిరియాలు తెప్పించింది. "పోయి బిడ్డను తోలుకరా" అని మొగుణ్ణి జీపులో పంపింది.

వియ్యపురాలు వెంకటవ్వ మంచినీళ్లిచ్చింది, కడుపునిండా అన్నం పెట్టింది, కోడల్ని మాత్రం ఇవ్వలేదు.

"అన్నా, మీ ఊళ్లె లడాయి నడుస్తుందట గదా! మా దేవేందర్ రోజు పేపర్ చదివి చెప్తుండు. నిండు మనిషిని గా మంటలకు ఎట్ల తోలాలె?"

"లడాయి లేదు, గిడాయి లేదు చెల్లె. ఒక టైరు కాలవెడ్తరు, గంతే."

"మరి భగ్గుమన్నదని నువ్వే రాస్తివి గదనే? అబద్ధం రాసినవా?"

ఇరుగుపొరుగు గుమ్మంలో చేరి వింటున్నారు. అవునంటే విలేకరి పరువు పోతుంది, కాదంటే కూతురు రాదు. నర్సింగం పరువు వైపే మొగ్గాడు.

"నేనెందుకు అబద్ధం రాస్త చెల్లె!"

"గట్లయితె పిల్ల ఈడనే ఉంటది" అంది వెంకటవ్వ. ఖాళీ జీపును చూసి నర్సక్క తిట్టిన తిట్లు ఏ పేపరూ అచ్చు వేయలేనివి.

తర్వాత బస్సులు ఆగిపోయాయి. కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక పొద్దున నర్సింగం పేపరు తెరిస్తే జిల్లా పేజీలో లావాటి అక్షరాలు: 'అగ్నిగుండంగా సిరిసిల్ల'. పక్కన మంట ఫోటో. అల్లుడు దేవేందర్‌కు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

ఆ ఫోటో గుట్టు నర్సింగానికి తెలియనిదా? టైరు ఒక్కటే. సిరిసిల్ల విలేకరి ముత్యం కూడా మోకాళ్ల మీదే కూర్చున్నాడని కనపడుతూనే ఉంది. అయినా ఆ పెద్దమనిషి "నా బిడ్డ!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కాడు. ఆటోలో జగిత్యాల, పాల వ్యానులో వేములవాడ, మళ్లీ ఆటో పట్టుకుని సిరిసిల్ల చౌరస్తాలో దిగాడు.

"లడాయి ఏడ అయితుందమ్మా?" అని జామకాయలమ్మే ముసలమ్మను అడిగాడు.

"ఏం లడాయి బిడ్డా? నిన్న ఒక టైరు కాలవెట్టిండ్రు. అగో, మచ్చ గూడ పోలే" అందామె.

వియ్యంకుల ఇంటికి పోతే తాళం. అందరూ సర్కారు దవాఖానకు పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఎందుకో వినకుండానే నర్సింగం ఉరికాడు. వార్డులో మానస నిద్రపోతోంది. వెంకటవ్వ ఒడిలో పసికందు.

"నీకు మనుమరాలు పుట్టింది అన్నా. కరెంటు లేక ఫోన్ల జీవం లేదు, చెప్పలేకపోయినం. నువ్వు మా ఊరు తగలవడ్డదని ఉరికచ్చినవా ఏంది?" అంటూ వెంకటవ్వ పగలబడి నవ్వింది.

పాపను చేతుల్లోకి తీసుకునేసరికి నర్సింగానికి ఏడుపు ఆగలేదు. వార్డంతా వింటుండగానే అన్నాడు: "నేను అబద్ధమే రాసిన చెల్లె. కోరుట్లల మంట లేదు, మన్ను లేదు. నర్సక్క కండ్లల్ల ఒత్తులేసుకొని సూస్తుంది."

వెంకటవ్వ మనసు కరిగింది. "సరే తియ్. పురుడు కడుక్కున్నంక తల్లీబిడ్డలను తోలుకపో."

అప్పుడే డెస్కు నుంచి ఫోన్ వచ్చింది, కోరుట్ల వార్త ఏదని.

"ఇయ్యాల ఏం లేదు సార్. ఊరంత ప్రశాంతంగ ఉన్నది. గట్లనే వెయ్యిండ్రి" అన్నాడు నర్సింగం. విలేకరి అయ్యాక అతను పంపిన మొదటి నిజం అది.

మర్నాడు పొద్దున దేవేందర్ పేపరు విప్పి, వార్డులో మానస మంచం పక్కన నిలబడి గట్టిగా చదివాడు. 'తుఫాను ముందు ప్రశాంతత! నివురుగప్పిన నిప్పులా కోరుట్ల'. దాని కిందే నర్సింగం పేరు.

వెంకటవ్వ మనుమరాలిని నర్సింగం చేతుల్లోంచి మెల్లగా తీసుకుని కొంగు కప్పింది.

"తెలంగాణ వచ్చినంక తోలుకపో అన్నా" అంది.