అంతేగా గారి అమ్మాయికి ఏ కాలేజీ?

ఆయనకి పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో ఎవరికీ దాని అవసరం పడలేదు. అందరికీ ఆయన ‘అంతేగా’. ఎదురుగా మాత్రం ‘ఏమయ్యా’ అంటారు, అటు తిరగ్గానే ‘అంతేగా దగ్గరికెళ్ళి గడ్డం గీయించుకొస్తా’ అంటారు. మార్కెట్ వీధి మలుపులో, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న సెలూన్ ఆయనది. ఒక కుర్చీ, గోడంత అద్దం, వంతు కోసం కూర్చునే బెంచీ. అంతకు మించిన ఆస్తి ఆయన మంచితనం. వచ్చిన చిక్కంతా దాంతోనే వచ్చింది.

ఎవరేమన్నా ‘అంతేగా’ అనడం ఆయనకి తండ్రి నేర్పింది. తండ్రి కూడా అదే కుర్చీ వెనక నిలబడి బతికినవాడే. “ఒరేయ్, గొంతు మీద కత్తి పెట్టించుకుని కూర్చున్న మనిషితో వాదించకు. వాదిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే గీత పడుతుంది, గీత పడితే బేరం పోతుంది. వాడు పగలుని రాత్రంటే చుక్కలు కూడా కనిపిస్తున్నాయను” అని చెప్పాడు. కొడుకు ఆ పాఠాన్ని బాగా ఒంట పట్టించుకున్నాడు. ఎంత బాగా అంటే, కత్తి కింద పెట్టాక కూడా వాదించడం చేతకాకుండా పోయింది. వాన పడాలని ఒకరంటే అంతేగా, పడకూడదని ఇంకొకరంటే అంతేగా. పోనీ నటనా అంటే అదీ కాదు. ఎవరి తల తన చేతిలో ఉంటే వాళ్ళ మాటే ఆయనకి నిజంగా సబబుగా తోచేది. కుర్చీ ఖాళీ అయితే బుర్రా ఖాళీ అయ్యేది.

ఇన్నేళ్ళూ బండి సాఫీగానే నడిచింది. కూతురికి ఒకేసారి రెండు చోట్ల సీటు రావడంతో చక్రం గోతిలో పడింది.

ఒకటి ఊళ్ళోనే ఉన్న బిజినెస్ కాలేజీ. మొదటిరోజు నుంచీ అకౌంట్లు, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్, ఇవే. మూడేళ్ళు. ఇంట్లో తిని వెళ్ళిరావచ్చు, ఫీజు మాత్రం గుండె పట్టుకునేంత. రెండోది రైలెక్కి వెళ్ళాల్సిన దూరంలో ఉన్న పెద్ద యూనివర్సిటీ. అక్కడా బిజినెస్ ఉంది, దాంతోపాటు చరిత్రో, లెక్కలో, మనస్తత్వశాస్త్రమో ఏది కావాలంటే అది కలుపుకోవచ్చు. ఏ దారో మొదట్లోనే చెప్పనక్కర్లేదు. ఫీజు తక్కువే, కానీ నాలుగేళ్ళ హాస్టలు, తిండి, రానూ పోనూ. భార్యాభర్తలు కూర్చుని కూడి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే దగ్గర తేలాయి. డబ్బన్నా దారి చూపిస్తుందనుకుంటే అదీ చేతులెత్తేసింది. ఒక్కటి మాత్రం ఖాయం. దాచింది ఒక్కసారికే సరిపోతుంది. కట్టిన ఫీజు ఎవరూ వెనక్కివ్వరు. తప్పు చోట కడితే పిల్ల చదువు అక్కడితో సరి.

ఆయన భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. “నాకు తెలిసిందల్లా మరకలు, కాలేజీలు కాదు. తండ్రీకూతుళ్ళు తేల్చుకోండి” అని చీర కొంగు దులుపుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఇక తేల్చుకోవడం మొదలైంది. బట్టల కొట్టు షావుకారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకునే తీర్పు చెప్పాడు. “చూడవయ్యా, చరిత్ర చదివితే జీతం ఎవడిస్తాడు? రాజులందరూ ఎప్పుడో పోయారు. బిజినెస్ కాలేజీలో చేర్పించు, మూడేళ్ళు తిరిగేసరికి ఉద్యోగం. నేను చదవకుండానే ఇంత కొట్టు పెట్టాను, చదివుంటే వీధంతా నాదే.”

“అంతేగా సార్!” అన్నాడాయన. ఎంత సులువుగా తేలిపోయిందో అనుకుని ఆ పూటంతా ఈల వేసుకుంటూ పనిచేశాడు.

మర్నాడు లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన వచ్చాడు. ఆయన తల మీద వెంట్రుకలు తక్కువ, లోపల మాటలు ఎక్కువ. “ఆ వయసు పిల్లకి జీవితమంతా ఏం చెయ్యాలో అప్పుడే ఎట్లా తెలుస్తుందయ్యా? ఒక్క పనే నేర్పితే రేపు ఆ పని మిషన్ చేసేస్తుంది. ఆలోచించడం నేర్పితే ఎక్కడున్నా బతుకుతుంది. నాలుగు కిటికీలున్న ఇంట్లోకి పంపించు పిల్లని.”

“అంతే కదండీ!” అన్నాడాయన. నాలుగు కిటికీలు అనగానే ఆయనకి నిజంగానే గాలి తగిలినట్టయింది. నిన్న షావుకారు మాట ఎందుకు నచ్చిందో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు. సాయంత్రం ఒక బస్సు డ్రైవరు వచ్చి, ఆ రెండూ దండగ, ఏదన్నా డిప్లొమా చేయించమన్నాడు. దానికీ అంతేగా. ఫీజు కట్టే గడువు దగ్గరపడే కొద్దీ ఆయన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా తయారైంది. పాపం, ఏం గీస్తున్నాడో చూసుకోకుండా ఒకాయన మీసం సగం లేపేశాడు. ఆ మనిషి కోప్పడితే దానికీ అంతేగా అన్నాడు.

గడువుకి ముందురోజు పొద్దున్నే కూతురు గిన్నెలు కడుగుతూ అడిగింది. “నాన్నా, నీకేమనిపిస్తోంది?”

“బిజినెస్ కాలేజీ అయితే చప్పున ఉద్యోగం వస్తుంది కదమ్మా.”

“అయితే అక్కడ చేరనా?”

“నాలుగు విషయాలు తెలియాలంటే మరి యూనివర్సిటీయే.”

“అంటే అక్కడా?”

“నీ ఇష్టం తల్లీ. నీకేది నచ్చితే నాకూ అదే.”

అమ్మాయి చేతిలో గిన్నె ఠక్కున కింద పెట్టింది. “నేను కస్టమర్ని కాదు నాన్నా” అంది.

ఆ మాట ఆయనకి చురుక్కున తగిలింది. కోపం కూడా వచ్చింది. పిల్ల కోసం ఇంతమందిని అడిగి తెలుసుకుంటుంటే ఈ మాటా అనుకున్నాడు. షాపు తెరిచాక కోపం పోయింది, బాధ మిగిలింది. చదువుకున్న తండ్రి అయితే ఒక్క ముక్కలో తేల్చి చెప్పేవాడు, ఈ పిల్ల నా కడుపున పుట్టి నష్టపోయింది అని లోలోపల కుమిలిపోయాడు.

గడువు రోజు మధ్యాహ్నం కుర్చీలో షావుకారు మొహం నిండా నురగతో ఉన్నాడు, బెంచీ మీద లైబ్రరీ పెద్దాయన పేపరు చదువుతున్నాడు. ఒక చెంప గీయడం అయింది. అప్పుడు అమ్మాయి కాగితాల సంచీ పట్టుకుని లోపలికొచ్చింది. బ్యాంకు మూసేలోపు ఫీజు కట్టాలి.

“ఏమ్మా, బిజినెస్ కాలేజీలో చేరుతున్నావటగా! మీ నాన్న చెప్పాడులే” అన్నాడు షావుకారు నురగలోంచి.

పేపరు కిందికి దిగింది. “బిజినెస్ కాలేజీయా? నాతో యూనివర్సిటీ అన్నాడే!”

“మీతో అన్నాడా? ఏమయ్యా, ఎవరికి నిజం చెప్పావు?”

“ఇద్దరికీ అండీ” అన్నాడాయన. అది నిజమే. ఎవరూ నమ్మకపోవడం ఆయన కర్మ.

ఇంకేముంది, పెద్దమనుషులిద్దరూ వాదనకి దిగారు. జీతమన్నాడు ఒకాయన, జ్ఞానమన్నాడు ఇంకొకాయన. మధ్యలో కత్తి పట్టుకుని నిలబడి, ఇటు తిరిగి ఒకసారీ అటు తిరిగి ఒకసారీ తల ఊపుతూ ఉన్నాడు మన అంతేగా. షావుకారు చెంప మీద నురగ ఎండిపోతోంది.

“కాస్త ఆగండి పెదనాన్నా, మీరూ ఆగండి తాతగారూ” అంది అమ్మాయి. “నాన్నా, నేనొకటి చెప్తాను. రెండూ వద్దులే. ఇక్కడే కూర్చుని వంతులు పిలుస్తాను, డబ్బు తీసుకుంటాను. దాచింది అలాగే ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. అంతేగా?”

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అలసిపోయి అంది. అందుకే ఆయనకి భయం వేసింది. అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది, ‘అం’ దాకా వచ్చి గొంతులో అడ్డం పడింది.

“కాదు” అన్నాడు.

షావుకారు గభాలున తల తిప్పాడు. కత్తి చెంప మీద లేదు కాబట్టి బతికిపోయాడు.

“అయితే ఏది?” అంది కూతురు.

“తెలీదే. నాకు తెలీదు. ఆయన చెప్తే అదే నిజమనిపిస్తుంది, ఈయన చెప్తే ఇదే నిజమనిపిస్తుంది. నా చేతులారా నిన్ను ఎక్కడ పారేస్తానో అని భయంగా ఉంది.”

అమ్మాయి కాగితాల సంచీ బెంచీ మీద పెట్టింది. “నీకు తెలిసే దాస్తున్నావనుకున్నాను నాన్నా. యూనివర్సిటీకి వెళ్తానని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. నేనడిగితే నువ్వు సరే అంటావు. నీ సరేని నమ్మేదెట్లా? నాలుగేళ్ళు. అంటే నాకు జీతం వచ్చేదాకా ఇంకో ఏడాది ఎక్కువ నువ్వీ కుర్చీ వెనక నిలబడాలి. నిలబడగలవో లేదో నాకెవరు చెప్తారు?”

“నిలబడతాను” అన్నాడు వెంటనే.

ఆమె మొహంలో ఏమీ మారలేదు. వీధిలో అందరికీ చెప్పినట్టే తనకీ చెప్పాడనుకుంది. ఆ సంగతి ఆయనకి అర్థమైంది. కత్తి పక్కన పెట్టి, బెంచీ చివర కూర్చున్నాడు. కస్టమర్లు ఉండగా ఆయన కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు.

“మోకాళ్ళు పోయాయమ్మా. సాయంత్రానికి వాచిపోతున్నాయి, మీ అమ్మక్కూడా చెప్పలేదు. ఇంకో ఏడాదంటే కష్టమే. ఇప్పుడే కష్టంగా ఉంది. అయినా నిలబడతాను, నువ్వు యూనివర్సిటీకే వెళ్ళు. అది మంచిదో కాదో మాత్రం నన్నడక్కు, నాకు తెలీదు.”

ఇది మాత్రం ఎవరినో మెప్పించడానికి అన్న మాట కాదు. అమ్మాయి నమ్మింది. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, లేవమని చెయ్యి అందించింది.

“చూశావా, చివరికి నా మాటే నెగ్గింది” అన్నాడు లైబ్రరీ పెద్దాయన పేపరు మడుస్తూ.

“మీ మాట కాదండీ, మా అమ్మాయి మాట” అన్నాడాయన. ఆ పూటకి ఇది రెండో ‘కాదు’. నోటికి కొత్తగా ఉంది.

“మరి నా రెండో చెంప సంగతేంటయ్యా?” అని అరిచాడు షావుకారు.

“బ్యాంకు మూసేస్తారండీ, కూర్చోండి. వచ్చి గీస్తాను.”

షావుకారు సగం గడ్డంతోనే కుర్చీలో వెనక్కి వాలాడు. తండ్రీకూతుళ్ళు వీధిలోకి దిగారు. అమ్మాయి రోజూ పరుగులాంటి నడక నడిచే మనిషి. ఇవాళ ఆయన పక్కనే అడుగులో అడుగు వేసుకుంటూ, నెమ్మదిగా నడిచింది. అది ఎందుకో ఆయనకి తెలుసు. పర్వాలేదు, త్వరగా నడువు అని అనబోయి మానుకుని, ఆసరాగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.