రెండో కుర్చీ

కోచ్ పోయారు. ఆదివారం ఉదయం చర్చికి తయారవుతూ వంటింట్లో పడిపోయారట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. సోమవారం ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు బంకులో కారుకు పెట్రోలు పట్టిస్తున్నాను. "అక్కతో డాక్టర్ దగ్గరికి వెళ్లింది మీరే కదా?" అని అడిగింది. అవునన్నాను. అంత్యక్రియలు శనివారం అని చెప్పి పెట్టేసింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

ఆవిడ నాకు బంధువు కాదు. మనవాళ్లు 'మన మనిషి' అనే అర్థంలో మన మనిషి కూడా కాదు. నల్లజాతి స్త్రీ. డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లో నేను ముప్పై ఏళ్లు పనిచేసిన కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ల్యాబ్ ఆవిడ చేతిలో ఉండేది. రిటైరయ్యాక డెట్రాయిట్‌లో తన చర్చి బేస్‌మెంట్‌లో ప్రతి శనివారం నల్లజాతి యువతకు దారి చెప్పేవారు. కాలేజీలో ఉన్నవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు వచ్చేవారు. వాళ్లంతా కోచ్ అనేవారు, చివరికి నేనూ అలాగే పిలిచాను. అమెరికాలో మన తెలుగు సంఘాల పత్రికల్లో స్మృతి వ్యాసాలు ఎవరి మీద అచ్చవుతాయో నాకు తెలుసు. విరాళాలిచ్చినవాళ్లు, శాలువాలు కప్పించుకున్నవాళ్లు. కోచ్‌కు ఎవరూ శాలువా కప్పలేదు. కాబట్టి నేను రాస్తున్నాను. తియ్యగా రాయడం నాకు రాదు. ఈ వయసులో నేర్చుకోబోను.

మా పరిచయం తగాదాతో మొదలైంది. కంపెనీలో కొత్తవాళ్లను తీసుకునే ప్యానెల్‌లో నేను ఉండేవాణ్ణి. ఆవిడ సిఫారసు చేసిన కుర్రాడొకడు ఇంటర్వ్యూకి వచ్చాడు. అడిగినవన్నీ చెప్పాడు, అడగకుండానే మా డ్రాయింగ్‌లో రెండు తప్పులు చూపించాడు. వాడు బయటికి వెళ్లాక మా మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలి, టీమ్‌లో కలుస్తాడా అని అనుమానంగా ఉంది అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఉద్యోగం ఇంకొకడికి పోయింది. ఆ ఇంకొకడికి మా డ్రాయింగులు చదవడం రావడానికే ఏడాది పట్టింది. ఆ మేనేజర్ ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర మాసం శుభాకాంక్షలు ఆన్‌లైన్‌లో పెడతాడు. లైకులు కొట్టేవాళ్లలో మనవాళ్లు ముందుంటారు.

మరునాడు ఆవిడ నా క్యూబికల్ దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"లోపల నువ్వేమన్నావు?"

"నేనేమీ అనలేదు మేడమ్."

"దాని గురించే అడుగుతున్నా."

అంతే, వెళ్లిపోయారు. ఏడాదిపాటు నాకు గుడ్ మార్నింగ్ చెప్పలేదు. నేను ఎంత చదివినవాణ్ణో నాకొక లెక్క ఉండేది. బానిసత్వం మీద, జైళ్ల మీద, అరవై ఏడు అల్లర్లలో డెట్రాయిట్ తగలబడటం మీద పుస్తకాలు షెల్ఫ్ నిండా ఉన్నాయి. వాటిలో గీతలు గీసుకున్న వాక్యాలున్నాయి. ఆ ఇంటర్వ్యూ గదిలో వాటిలో ఒక్కటీ నా నోట్లోకి రాలేదు.

మేమిద్దరం రిటైరయ్యాక ఆవిడే ఫోన్ చేశారు. శనివారం రమ్మన్నారు. నేను వెళ్లి ఏం చెప్పాలని అడిగితే, "తలుపు లోపల కూర్చున్నవాడివి నువ్వు. దాన్ని ఎలా మూస్తారో వీళ్లకు చెప్పు" అన్నారు. వెళ్లాను. ఆరేళ్లు వెళ్లాను. నకిలీ ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి. మా మేనేజర్‌లాగే వెనక్కి వాలి కూర్చుని, వాడి ప్రశ్నలే వాడి గొంతుతో అడిగేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు. కోచ్ నవ్వేవారు కాదు. "ఇంకోసారి. ఈసారి ఇంకాస్త మర్యాదగా అవమానించు, అసలువాళ్లు అలాగే చేస్తారు" అనేవారు.

కుర్రాళ్లు రెజ్యూమె తీసేలోపు ఆవిడ మొదటి ప్రశ్న నిద్ర గురించి. ఈ వారం ఎన్ని గంటలు పడుకున్నావు? జవాబు నచ్చకపోతే రెజ్యూమె ముట్టుకునేవారు కాదు. రెండు ఉద్యోగాలు చేస్తూ ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతి గొప్పగా నాలుగు గంటలంది. "అలసట మెడల్ కాదు, తీసి అవతల పెట్టు" అని, ఆ అమ్మాయిని సండే స్కూల్ గదిలో పిల్లల చాప మీద పడుకోబెట్టి తలుపు వేశారు. రెండు గంటలు ఎవరినీ అటు పోనివ్వలేదు. తాత బార్బర్ షాపులో ఆరేళ్లు పనిచేసిన కుర్రాడు ఆ సంగతి రెజ్యూమెలో రాయలేదు. సిగ్గుపడ్డాడు. ఆవిడ పెన్ను వాడి చేతిలో పెట్టి, ఆ పని మొదటి లైన్లో రాయించారు. వాడికి ఆ లైన్ గురించే ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడే అవకాశం దొరికింది.

ఆవిడ అన్నిటికంటే గట్టిగా నేర్పింది రెండో కుర్చీ. డీన్ పిలిచినా, హెచ్ఆర్ పిలిచినా, డాక్టర్ దగ్గరికి పోయినా, ఒంటరిగా పోవద్దు. పక్కన ఇంకో మనిషి నోట్‌బుక్‌తో కూర్చోవాలి. ఆ మనిషి వాదించకూడదు, సలహా ఇవ్వకూడదు. అవతలివాళ్లు అడిగింది కాదన్నప్పుడు మాత్రం ఒక్క వాక్యం అనాలి: "మీరు కాదన్నారని, ఎందుకు కాదన్నారో రికార్డులో రాయండి." ఆ మాట నువ్వే అంటే నిన్ను కోపిష్టి అని రాసుకుంటారు, పక్కవాడు అంటే పెన్ను తీస్తారు అనేవారు. ఎన్నోసార్లు చూశాను. ఆ వాక్యం పడగానే డీన్లు ఫైలు మళ్లీ తెరిచారు. నర్సులు ఇంకో పరీక్షకు రాశారు. "కాగితం మీద లేనిది జరగనట్టే" అనేవారు కోచ్.

ఈ శీతాకాలంలో ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. దవడ లాగుతోందన్నారు. వీపు మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుందన్నారు. క్లినిక్‌కి వెళ్లేటప్పుడు రెండో కుర్చీకి నన్ను పిలిచారు. చేతికింద అంతమంది పిల్లలుండగా నన్నెందుకని అడిగాను. వాళ్లకు పనులుంటాయి, నీకు కోపం తప్ప పనేముంది, దాన్ని ఇవాళ తీసుకురా అన్నారు.

లోపలికొచ్చిన డాక్టర్ మనవాడు. మా తెలుగు చర్చిలో పెరిగినవాడు. వాడి మొదటి పుట్టినరోజుకు బెలూన్లు ఊదింది నేనే. "అంకుల్! మీరు ఇక్కడ ఏంటి? డాడ్ ఎప్పుడూ మీ గురించి చెప్తాడు" అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని దాచకుండా రాస్తున్నాను. నలభై ఏళ్ల కింద వచ్చినవాళ్లం, మన పిల్లలు తెల్లకోటు వేసుకుంటే మనకు మోకాళ్లు వంగుతాయి.

కోచ్ ఇంగ్లీషులో అన్నీ వరసగా చెప్పారు. గుండెకు సంబంధించిన రక్తపరీక్ష చేయించమని అడిగారు. వాడు అక్కర్లేదన్నాడు. ఆవిడ రెండోసారి అడిగి, నా వైపు చూశారు. నా వంతు. నోట్‌బుక్ ఒళ్లో తెరిచే ఉంది. వాడు నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఏం లేదు అంకుల్. హార్ట్ ఈకేజీ నార్మల్ ఉంది. జస్ట్ యాంగ్జైటీ, ఎసిడిటీ, ప్లస్ వెయిట్. వీళ్లు పెయిన్ కొంచెం ఎక్కువ చెప్తారు అంకుల్, యు నో."

నేను తల ఊపాను. నవ్వాను కూడా అనుకుంటా. తన గురించే మాట్లాడుతున్న ఇద్దరి మధ్య, తనకు రాని భాషలో, ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. జీవితమంతా అందరితో పోట్లాడినవాణ్ణి. ఆఫీసులో, చర్చిలో, సంఘంలో, ఇంట్లో. ఆ ఒక్క వాక్యం అనలేకపోయాను. మన పిల్లాడిని ఆవిడ ముందు తక్కువ చేయడం ఎందుకులే అనుకున్నాను. ఎసిడిటీ మాత్రలు రాసిచ్చాడు.

కారులో అడిగారు.

"మీ భాషలో ఏమన్నాడు?"

"రెస్ట్ తీసుకోమన్నాడు."

"దానికి అంతసేపు పట్టిందా?"

నేను ఇండికేటర్ వేసి లేన్ మారాను. ఆవిడ మళ్లీ అడగలేదు. దిగేటప్పుడు థాంక్స్ చెప్పారు. పదకొండో రోజున పోయారు.

ఆ పరీక్ష చేస్తే బతికేవారా? నాకు తెలియదు. డాక్టర్లను అడిగితే వాళ్లూ చెప్పలేమంటున్నారు. ఆ ఒక్క వాక్యం అనే మనిషిగా నన్ను తీసుకెళ్లారు. నేను అనలేదు. ఇది నాకు తెలుసు.

బుధవారం మా చర్చి ప్రార్థన కూటంలో లేచి జరిగింది చెప్పాను. మన చర్చిలో వీసా స్టాంపింగ్‌కు ఉపవాస ప్రార్థనలు చేస్తారు, గ్రీన్ కార్డుకు సాక్ష్యాలు చెబుతారు. ఆ రోజు ఎవరూ ఆమెన్ అనలేదు. గురువారం మధ్యాహ్నం ఆ పిల్లాడి తండ్రి, చర్చి పెద్ద ఒకాయన బత్తాయిల బుట్టతో మా ఇంటికొచ్చారు. వాతావరణం గురించి, నా మోకాళ్ల గురించి మాట్లాడాక అసలు సంగతికి వచ్చారు.

"అన్నయ్యగారూ, వాడి కెరీర్ ఇప్పుడే మొదలైంది. మీ చేతుల్లో పెరిగినవాడు. ఆవిడ ఎలాగూ పోయింది కదండీ" అన్నాడు తండ్రి.

"మీ దగ్గర కాగితం ఏమైనా ఉందా?" అని అడిగారు పెద్దాయన. భయపడి కాదు, నా మంచి కోసమే అడుగుతున్నట్టు అడిగారు.

లేదన్నాను. నా నోట్‌బుక్‌లో ఆ పేజీ తెల్లగా ఉంది. ఇద్దరికీ ప్రాణం కుదుటపడటం కళ్లారా చూశాను. బత్తాయిలు తీసుకెళ్లమన్నాను. వాళ్లు వదిలి వెళ్లారు. నేను చెత్తబుట్టలో వేశాను. నాకు పేర్లు పెట్టాలనుకునేవాళ్లు పెట్టుకోవచ్చు.

శనివారం అంత్యక్రియలకు వెళ్లి, ఆవిడ చర్చి మెట్ల మీద కోచ్ చెల్లెలిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. తెలుగులో వాడన్న మాటను ఇంగ్లీషు చేసి చెప్పాను. అది ఇంగ్లీషులో ఇంకా అసహ్యంగా వినిపించింది. ఆమె ముఖం కదల్లేదు.

"ఇది తప్పని మీకు ఇప్పుడు తెలిసిందా, అప్పుడే తెలుసా?"

"అప్పుడే తెలుసు."

"అయితే అది కూడా రాయండి."

చర్చి ఆఫీసులోంచి నాలుగు తెల్లకాగితాలు తెచ్చి ఇచ్చింది. రాసేందుకు మెట్ల మీదే కూర్చున్నాను. వాడన్నది, నేను అననిది, కారులో చెప్పిన అబద్ధం, వరసగా రాశాను. చివర సంతకం పెట్టి, నా ఫోన్ నంబర్ రాశాను. రాష్ట్ర మెడికల్ బోర్డుకు పంపుతానంది. ఒకసారి చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. క్షమించాననలేదు. థాంక్స్ చెప్పలేదు. ఆ రెండూ చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం. ఆ పిల్లాడికి ఏమవుతుందో తెలియదు. నాకేమీ కాదని మాత్రం తెలుసు. నాలాంటివాళ్లను పిలిచి అడిగే బోర్డు ఎక్కడా లేదు.

లోపల కడసారి చూపుకు వరుస బెంచీల నడిమి దారంతా నిండి ఉంది. ఆవిడ దారి చెప్పిన పిల్లలంతా వచ్చారు. వాళ్లలో చాలామందికి ఉన్న ఒకే ఒక్క నల్ల సూటు ఇంటర్వ్యూ కోసం కొన్నదే. ఆ సూట్లలోనే నిలబడ్డారు, ఎవరో పేరు పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు నిటారుగా. నా ముందున్న కుర్రాడి సూటు కొత్తది. కోటు వెనక చీలికను షాపువాళ్లు తెల్లదారంతో ఇంటూ మార్కులా కలిపి కుడతారే, వాడు ఆ కుట్టు విప్పలేదు. విప్పాలని వాడికి ఎవరూ చెప్పి ఉండరు. వచ్చినవాళ్లకు దారి చూపిస్తూ పక్కన నిలబడ్డ తెల్ల గ్లోవుల చర్చి పెద్దావిడ అది చూసింది. పర్సులోంచి చిన్న కత్తెర తీసి, ఏమీ అనకుండా వంగి, ఆ దారం కత్తిరించి, కోటును అరచేత్తో సాపు చేసింది. వాడు వెనక్కి తిరగలేదు. దారం ముక్క ఎర్ర కార్పెట్ మీద పడింది. వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.